అక్షరం మారితే ప్రోగ్రామ్ మళ్లీ రాయాలా?

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరంలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. నక్షత్రాలతో ఇంగ్లిష్ అక్షరాలను ప్రింట్ చేసే ప్రోగ్రాములన్నీ బట్టీ పట్టాను. ల్యాబ్ పరీక్షలో ‘ఎన్’ వస్తుందనుకుంటే ‘జెడ్’ వచ్చింది. ఒక్క లైను కూడా రాయలేకపోయాను. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్, దాని లోపల ఇంకో లూప్ అంటేనే తల తిరుగుతోంది. ప్రోగ్రామింగ్ నాకు అబ్బదేమో. కోర్సు మారిపోవాలా?

జవాబు: కోర్సు సంగతి తర్వాత. ముందు ‘జెడ్’ సంగతి తేల్చుకుందాం. ‘ఎన్’ నిజంగా వచ్చినవారికి ‘జెడ్’ కొద్ది నిమిషాల పని. మీకు ‘ఎన్’ గుర్తుంది తప్ప రాలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

కంప్యూటర్ జోలికి వెళ్లకుండా కాగితం మీద ఐదు అడ్డు వరుసలు, ఐదు నిలువు వరుసల గడులు గీయండి. రెండు వైపులా 0 నుంచి 4 వరకు నంబర్లు వేయండి. అందులో ‘జెడ్’ నింపండి. చుక్క ఉన్నచోట ఖాళీ అనుకోండి.

\* \* \* \* \*
. . . \* .
. . \* . .
. \* . . .
\* \* \* \* \*

ఇప్పుడు నిండిన ప్రతి గడికీ దాని అడ్డు వరుస నంబరు, నిలువు వరుస నంబరు రాసుకోండి. పై గీతలో అడ్డు వరుస ఎప్పుడూ 0, కింది గీతలో ఎప్పుడూ 4. మధ్యలో ఏటవాలుగా దిగే గడులు చూడండి: 1, 3. ఆపైన 2, 2. ఆపైన 3, 1. ఏ జత కూడినా 4 వస్తుంది. షరతు దొరికేసింది. అడ్డు వరుస 0 అయినా, 4 అయినా, రెండు నంబర్ల మొత్తం 4 అయినా నక్షత్రం వేయాలి. లేకపోతే ఖాళీ వదలాలి.

‘ఎన్’కీ ఇలాగే చేయండి. నిలువు వరుస 0 లేదా 4, లేదంటే రెండు నంబర్లూ సమానం. రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన పెట్టుకుంటే అడ్డు వరుసలను ఒక్కొక్కటిగా తీసుకునే బయటి లూప్ అదే, ఆ వరుసలోని గడులను ఒక్కొక్కటిగా చూసే లోపలి లూప్ అదే. మారింది షరతున్న ఒక్క లైను. మీరు అన్నాళ్లు కష్టపడి మోసిన ఇరవై ఆరు ప్రోగ్రాములూ నిజానికి ఒక్కటే! ‘ఎస్’, ‘జి’ లాంటి వంపుల అక్షరాలకు షరతు కాస్త పొడుగవుతుంది, అంతే.

లూప్‌ల విషయానికొస్తే, బయటిది ఒక్కసారి తిరిగేలోపు లోపలిది ఐదుసార్లూ తిరిగేస్తుంది. మొత్తం 25 గడులు, 25 సార్లు అదే ప్రశ్న: ఇక్కడ నక్షత్రమా, ఖాళీయా? కొత్త లైనుకు వెళ్లే ఆదేశం లోపలి లూప్ ముగిశాక ఉండాలి. పొరపాటున లోపల పెడితే 25 గడులూ ఒకదాని కింద ఒకటి నిలువునా దిగిపోతాయి. ఖాళీ వచ్చినచోట స్పేస్ ప్రింట్ చేయడం మరిచిపోతే ఇంకా తమాషాగా ఉంటుంది. మధ్య నక్షత్రాలన్నీ ఎడమ అంచుకు జరిగి, ‘జెడ్’ కాస్తా ‘సి’లా కనిపిస్తుంది. ఈ రెండు తప్పులూ కావాలని ఒకసారి చేసి చూడండి. అవుట్‌పుట్ చూడగానే తప్పు ఎక్కడుందో పట్టేసే అలవాటు అలాగే వస్తుంది. ఉద్యోగంలో రోజూ పనికొచ్చేది ఆ అలవాటే.

మొదటి వరుసలో ‘ఎ’, రెండో వరుసలో ‘ఎ, బి’, మూడో వరుసలో ‘ఎ, బి, సి’ వచ్చే త్రిభుజం మాత్రం వేరే రకం. అక్కడ మారేది లూపే. లోపలి లూప్ ఎంతవరకు తిరగాలో బయటి లూప్ నంబరు నిర్ణయిస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. కంప్యూటర్ లోపల పెద్ద ‘ఎ’ అంటే 65, ‘బి’ అంటే 66. అందుకే జావా భాషలో ‘ఎ’కి 1 కలిపి నేరుగా ప్రింట్ చేస్తే ‘బి’ బదులు 66 వస్తుంది. దాన్ని మళ్లీ అక్షరంగా మార్చమని మీరే చెప్పాలి. పైథాన్ భాష అయితే అక్షరానికి అంకెను కలపనే కలపదు, ఎర్రర్ చూపిస్తుంది.

ఇక ఉద్యోగాల మాట. నక్షత్రాలతో అక్షరాలు వేయమని ఏ సంస్థా జీతం ఇవ్వదు. అయినా ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో ఇవి అడుగుతారు. ‘ఎన్’ రాయగానే ‘సైజు ఏడు చేయండి’ అంటారు. కోడ్‌లో నేరుగా 4 అని రాసినవారు అక్కడ దొరికిపోతారు. ‘సైజులో ఒకటి తక్కువ’ అని రాసినవారికి ఒక్క అంకె మారిస్తే చాలు. కాబట్టి మొదటి నుంచీ సైజును ఒక వేరియబుల్‌లో, అంటే విలువను దాచుకునే ఒక పేరులో పెట్టి రాయండి. రాసేటప్పుడు ఏమి ఆలోచిస్తున్నారో పైకి చెప్పండి. జవాబు కాస్త తప్పినా ఆలోచన సరైన దారిలో ఉంటే చాలామంది ఇంటర్వ్యూయర్లు పట్టించుకోరు.

ఒక్క పరీక్ష చూసుకుని కోర్సు మారాలనుకోవడం నాకు సబబుగా అనిపించడం లేదు. ఇప్పటిదాకా మీరు పరీక్షించుకున్నది జ్ఞాపకశక్తిని. ప్రోగ్రామింగ్ మీకు అబ్బుతుందో లేదో తేలే సందర్భం ఇంకా రాలేదు. ఈ సెమిస్టర్ చివరిదాకా పాత నోట్సు తెరవకుండా, గడులు గీసి షరతు మీరే కనుక్కుని రాయండి. తప్పు దొరికినప్పుడు కాస్తయినా ఉత్సాహం కలుగుతుందా, ప్రతిసారీ విసుగేనా అన్నది గమనించుకోండి. విసుగే మిగిలితే అప్పుడు కోర్సు మార్పు గురించి మాట్లాడుకుందాం. ఉత్సాహం ఉంటే మాత్రం ఈ నక్షత్రాల ప్యాటర్నుల దగ్గరే ఆగిపోవద్దు. ‘ఎక్స్’, ‘ఎ’, ‘కె’ సొంతంగా రాయగలిగితే ఇది చాలు. విలువలను ఇలాంటి గడుల్లోనే దాచే రెండు డైమెన్షన్ల అర్రేలకు వెళ్లండి. మాట్రిక్స్ లెక్కలు, ఫొటోలోని పిక్సెళ్లు, చదరంగం బల్ల, అన్నీ అడ్డు వరుసలు, నిలువు వరుసలే కాబట్టి అక్కడ మీకు కొత్తగా భయపడాల్సింది పెద్దగా ఉండదు.