క్లాసిక్ ఇంగ్లీషు నవలలు చదవాలనుకుంటున్న బిడ్డకు

నల్లగొండ

బిడ్డా,

నీ ఉత్తరమూ దాంతోపాటు పంపిన రెండు కథలూ అందాయి. కథల గురించి వేరేగా రాస్తాను, వాటికి తొందర లేదు. ఉత్తరం చివర్లో, ఏదో చిన్న సంగతి అన్నట్టు నాలుగు వాక్యాలు రాశావు చూడు, ముందు వాటికి జవాబు చెప్పాలనిపించింది. ఇంగ్లీషు క్లాసిక్స్‌ని అనువాదంలో కాకుండా నేరుగా చదవాలని ఉందన్నావు. అందుకోసం పోటీ పరీక్షల పదాల పుస్తకం కొని, రోజుకు ముప్పై చొప్పున నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నానన్నావు. ఆ ధైర్యంతో డికెన్స్ 'బ్లీక్ హౌస్' తెరిస్తే మొదటి పేజీ దాటలేదట. "నా వొకాబులరీ ఇంకా సరిపోదు కదా సార్" అని అడిగావు.

సరిపోదు, నిజమే. అయితే నువ్వు వెతుకుతున్న చోట అది దొరకదు.

ఆ మొదటి పేజీనే మళ్లీ తీసి చూడు. మొదటి వాక్యం ఒక్కటే మాట: లండన్. వెంటనే మైకల్‌మస్ టర్మ్ ఈమధ్యే ముగిసిందంటాడు, లార్డ్ ఛాన్సలర్ లింకన్స్ ఇన్ హాల్లో కూర్చున్నాడంటాడు, నవంబర్ వాతావరణం 'ఇంప్లాకబుల్' అంటాడు. వీటిలో నీ పదాల పుస్తకంలో ఉండేది ఆ ఆఖరి మాటే. అది తెలియకపోయినా కొంప మునగదు. కింద బురద, పొగ, మంచు పేజీ నిండా పరిచి ఆ వాతావరణం ఎలా ఉందో ఆయనే చూపిస్తాడు. నిన్ను ఆపింది మైకల్‌మస్ టర్మ్. అది లండన్ కోర్టులు నడిచే ఒక విడత. సెప్టెంబర్ 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ పేరు దానికి పెట్టారు. లార్డ్ ఛాన్సలర్ అంటే ఛాన్సరీ కోర్టుకు పెద్ద, లింకన్స్ ఇన్ హాల్ అతను కోర్టు నడిపే చోటు. వీలునామాలు, ఆస్తుల తగాదాలు ఆ కోర్టుకే పోయేవి, పోయినవి ఒక పట్టాన తేలేవి కావు. భూమి పంచాయితీ తాత పేరు మీద మొదలై మనవడి పేరు మీద నడవడం పాలమూరులో, నల్లగొండలో ఎవరికి కొత్త? ఈ నాలుగు ముక్కలు ముందే చెవిన పడి ఉంటే నువ్వు ఆ పేజీ దాటి పోయేదానివి.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పాత నవల చదవడానికి కావలసిన మాటల్లో ఎక్కువ భాగం గంభీరమైన విశేషణాలు కావు. అవి వస్తువుల పేర్లు, పనుల పేర్లు, ఉద్యోగాల పేర్లు. బండ్లనే తీసుకో. గిగ్, ఫేటన్, బరూష్, చైజ్ అని రకరకాలు. ఏ బండిలో దిగాడన్నదాన్ని బట్టి మనిషి అంతస్తు తెలిసిపోతుంది. జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' (1813) మొదటి అధ్యాయంలోనే బింగ్లీ అనే పెళ్లికాని డబ్బున్న కుర్రాడు నాలుగు గుర్రాల చైజ్‌లో వచ్చాడన్న కబురు మోసుకొస్తుంది బెన్నెట్ గారి భార్య. అతనికి ఏడాదికి నాలుగైదు వేల పౌండ్ల రాబడి. తర్వాత వచ్చే డార్సీకి పది వేలు. ఐదుగురు ఆడపిల్లల తండ్రి బెన్నెట్‌కు రెండు వేలు. ఈ అంకెలు మనసులో పెట్టుకోకపోతే ఆ పుస్తకంలో హాస్యం సగం జారిపోతుంది. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, గినీకి 21 షిల్లింగులు. దీన్ని అట్ట లోపలి పేజీలో రాసిపెట్టుకో, చాలు.

మరి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? అచ్చంపేట దగ్గర మీ నాయనకు గొర్రెల మంద ఉందని నీ కథల్లో ఒకటి చెబుతోంది. ఆ సంగతులు ఎక్కడో విని రాసినట్టు లేవు. అందుకే నీకు థామస్ హార్డీ రాసిన 'ఫార్ ఫ్రమ్ ద మ్యాడింగ్ క్రౌడ్' చెప్తున్నాను. 1874లో వచ్చింది. హార్డీ సులువైన రచయిత అని మాత్రం అనను, లాటిన్ మాటలు దండిగా గుమ్మరిస్తాడు. కానీ కథానాయకుడు గాబ్రియేల్ ఓక్ గొర్రెల కాపరి. ఈనే కాలం, ఉన్ని కత్తిరింపు, గడ్డివాములకు నిప్పంటుకోవడం, వాన ముంచుకొచ్చే ముందు వాములు కప్పడానికి రాత్రంతా పడే పాట్లు, అన్నీ అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పోరగాడు ఆ పేజీల్లో డిక్షనరీ తిప్పుతూ కూర్చుంటాడు. నీకు వస్తువు ముందే తెలుసు, దానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరొక్కటే కొత్త. అలాంటి పేరును బట్టీ పట్టాల్సిన పని లేదు.

21వ అధ్యాయం దాకా వెళ్తే నా మాట నీకే అర్థమవుతుంది. పాలేర్లు పరుగున వచ్చి గొర్రెలు కంచె దాటి లేత క్లోవర్ చేలో పడ్డాయని చెప్తారు. క్లోవర్ ఒక రకం పశుగ్రాసం. ఆ గొర్రెలు 'బ్లాస్టెడ్' అవుతున్నాయంటారు. డిక్షనరీ చూస్తే పేలుడు అంటుంది, లేదా తిట్టు అంటుంది. రెండూ అక్కడ పొసగవు. లేత పచ్చిమేత ఆబగా తిన్న గొర్రెకు ఏమవుతుందో మీ నాయనను అడగాల్సిన అవసరం కూడా నీకు ఉండదనుకుంటా. కడుపుబ్బరం. ఓక్ వచ్చి డొక్కలో సరైన చోట పొడిచి గాలి తీసి వాటిని కాపాడతాడు. అతన్ని పనిలోంచి వెళ్లగొట్టింది ఆ పొలం యజమానురాలు బత్‌షీబాయే. ఇప్పుడు అతన్నే బతిమాలి పిలిపించుకోవాలి. ఆమె అహం, అతని పట్టుదల, అవతల చచ్చిపోతున్న మూగజీవాలు. నవల రాయాలనుకునేవాళ్లు ఆ అధ్యాయాన్ని రెండోసారి చదవాలి, మాటల కోసం కాదు.

ఆరో అధ్యాయంలో కూలికి కుదుర్చుకునే సంత ఒకటి వస్తుంది. బండ్లు తోలేవాళ్లు టోపీకి కొరడా తాడు చుట్టుకుంటారు, ఇళ్ల కప్పు కప్పేవాళ్లు గడ్డి అల్లిక పెట్టుకుంటారు, కాపరులు చేతికర్ర పట్టుకుని నిలబడతారు. ఏడాదికి కుదిరే జీతగాళ్ల సంగతి మన దగ్గర పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటావు. ఓక్ అక్కడ 'బెయిలిఫ్' పని కోసం చూస్తుంటాడు. బెయిలిఫ్ అనగానే కోర్టు జప్తుకు వచ్చే మనిషి అనుకుంటాం. ఇక్కడ ఆ మాటకు అర్థం పొలం పనులన్నీ చూసే పెద్ద పాలేరు అని.

అసలు ప్రమాదం ఇలాంటి మాటలతోనే. తెలియని మాట దగ్గర నువ్వు ఎలాగూ ఆగుతావు. తెలుసనుకున్న మాట దగ్గర ఆగకుండా తప్పుదారిలో పోతావు. ఆస్టెన్ నవలలో కాలిన్స్ అనే పాస్టర్ తన పోషకురాలి 'కండిసెన్షన్'ను నోరారా పొగుడుతుంటాడు. ఇప్పుడైతే ఆ మాట తిట్టు, ఎదుటివాణ్ని చిన్నచూపు చూడటం. అతను మాత్రం అంత గొప్పావిడ తనలాంటి వాడితో కలిసి మాట్లాడిందని మురిసిపోతున్నాడు. అతని లెక్కలో అది మెచ్చుకోలు. అదే పుస్తకంలో బెన్నెట్ తన కొత్త అల్లుడి గురించి 'మనందరితోనూ లవ్ చేస్తున్నాడు' అన్న అర్థం వచ్చే మాట అంటాడు. కంగారు పడకు. తీపి మాటలతో అందరినీ బుట్టలో వేసుకుంటున్నాడని అంతే.

దీనికి మందు పాత నిఘంటువే. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ పక్కన ఉండాల్సిందే, వాడుక తప్పిన అర్థాల పక్కన అది గుర్తు కూడా వేస్తుంది. దానితోపాటు బ్రౌన్ దొర ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు చూడు. 1850ల మొదట్లో మద్రాసులో అచ్చయింది. 'బ్లీక్ హౌస్' 1852, 53 సంవత్సరాల్లో నెలనెలా భాగాలుగా లండన్‌లో వస్తున్న రోజులవి. అంటే డికెన్స్ పాఠకులకు తెలిసిన ఇంగ్లీషునే బ్రౌన్ మనకు తెలుగులో విప్పి చెబుతున్నాడన్నమాట. శంకరనారాయణ నిఘంటువు కూడా ఇందుకు బాగా పనికొస్తుంది. రెండింటినీ ఆంధ్రభారతి సైట్‌లో ఫోన్‌లోనే వెతుక్కోవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఎన్ని మాటలు వస్తే చాలు అని అందరూ అడిగేదే. న్యూజిలాండ్‌కు చెందిన పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో ఒక లెక్క చెప్పాడు. నవలలో నూటికి 98 మాటలు తెలియాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు వచ్చి ఉండాలట. ఒక మాట, దాని బహువచనం, దాని క్రియారూపాలు, అన్నీ కలిపి ఒక కుటుంబం. అంకె చూసి టెన్షన్ పడకు. డిగ్రీ దాకా ఇంగ్లీషు చదివినదానివి, ఇందులో చాలా భాగం నీ దగ్గర ఇప్పటికే ఉంది. ఇంకో సంగతి చూడు. 98 శాతం వచ్చినా, 300 మాటల పేజీలో ఆరు తెలియనివే మిగులుతాయి. అవి ఎప్పటికీ మిగులుతాయి. వాటితో కాపురం చేయడం నేర్చుకోవాలి.

అందుకని తెలియని ప్రతి మాటకూ ఆగొద్దు. పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ముందుకు పో. అదే మాట మూడోసారి ఎదురైతే అప్పుడు చూడు. హార్డీకి, డికెన్స్‌కి, ఎవరికైనా సొంత మాటలు కొన్ని ఉంటాయి, వాటినే తిప్పితిప్పి వాడతారు. ఒకే రచయితవి వరసగా రెండు మూడు పుస్తకాలు చదివితే మూడో పుస్తకానికి చుక్కలు తగ్గిపోతాయి. పది మంది రచయితలను పది పేజీల చొప్పున రుచి చూస్తే ప్రతిసారీ మొదటి మెట్టు మీదే ఉంటావు. నోట్‌బుక్‌లో మాటొక్కటే రాయకు, వాక్యం మొత్తం రాయి. ఎవరు ఎవరితో అన్నారో పక్కన పెట్టు. పదిహేను రోజులకోసారి ఆ వాక్యాలు పైకి చదువుకో.

లాటిన్ ముందుచేర్పులు ఒక పూట కూర్చుని నేర్చుకో. ఉపసర్గలు వచ్చినదానివి, కష్టం కాదు. అంతకన్నా ముఖ్యం బైబిల్. బత్‌షీబా, గాబ్రియేల్, ఆ పేర్లన్నీ అందులోవే. ఆ రచయితలు వాక్యానికి వాక్యం దాన్ని తలుచుకుంటూ రాశారు. మీ వీధిలో ఎవరింట్లోనైనా తెలుగు బైబిల్ దొరుకుతుంది, అడిగి తెచ్చుకుని, బత్‌షీబా వచ్చే దావీదు కథ చదువు.

తన సొంత ప్రాంతం డోర్సెట్ పల్లెటూరి మనుషుల మాటలు హార్డీ వాళ్ల యాసలోనే రాశాడు. అక్కడ డిక్షనరీ మూసేయ్, గట్టిగా చదువు. లిబ్రివాక్స్‌లో వలంటీర్లు చదివిన ఆడియో ఉచితంగా ఉంది, వింటూ చదివితే ఇంకా మంచిది. మన యాసను సినిమాలో జోకర్‌కు పెట్టి నవ్వించిన కాలం చూసినవాళ్లం మనం. ఆ డోర్సెట్ కూలీల మాటలు విని నవ్వాలో, చెవి ఒగ్గాలో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక హెచ్చరిక కూడా. ఇలా వచ్చిన ఇంగ్లీషు మాటలు నీ కథల్లో దూర్చకు. నీ రెండో కథలో ఆ పని అప్పుడే మొదలైంది. ఆ మూడు చోట్లా ఎర్ర గీత పెట్టాను.

పుస్తకం కొనక్కర్లేదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దించుకోవచ్చు. ఫోన్‌లో కళ్లు నొస్తే మన జిల్లా గ్రంథాలయంలో పాత ప్రతి ఉందేమో నేను అడిగి చూస్తాను. అర్థం కానివి వాట్సాప్‌లో ఫొటో తీసి పంపకు. వాక్యం చేత్తో రాసి, అధ్యాయం నంబరు వేసి పంపు. నా దగ్గరున్న ప్రతి వేరే, పేజీ నంబర్లు కలవవు.

ఉంటాను.