గంప ఎత్తాల్సిన మేనమామ

ప్రశ్న: మేముండేది డల్లాస్ దగ్గర ప్లేనోలో. మావారు 1996లో హెచ్1బీ మీద వచ్చారు. మా తమ్ముడు 2000లో కన్సల్టెన్సీ ద్వారా వచ్చి, ప్రాజెక్టు దొరికేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. పౌరసత్వం వచ్చినప్పటి నుంచీ ఇద్దరూ రిపబ్లికన్లకే ఓటేశారు. ఇప్పుడు మావారు ‘నేను నమ్మిన పార్టీ ఇది కాదు’ అంటున్నారు. తమ్ముడేమో పార్టీని పల్లెత్తు మాట అననివ్వడు. మొన్న వేసవిలో వాడు ఇంటి వాట్సాప్ గ్రూపులో ‘బావ రైనో’ అని పెట్టాడు. పేరుకే రిపబ్లికన్ అని దానర్థం. మావారు వెంటనే ‘నా ఇంటి తలుపు తెరిస్తే లోపలికొచ్చినవాడివి, ఇప్పుడు వెనకొచ్చేవాళ్ల మొహాన వేస్తున్నావు’ అని రాశారు. అప్పటి నుంచి మాటల్లేవు. త్వరలో మా అమ్మాయి పెళ్లి. తమ్ముడొస్తే తాను పీటల మీద కూర్చోనంటున్నారు మావారు. అమ్మాయికి పదేళ్లప్పుడే ‘నీ గంప ఎత్తడానికి ఇప్పటి నుంచే బస్కీలు తీస్తున్నా’ అనేవాడు వాడు. నేనెవరి వైపు నిలబడాలి? నువ్వెవరికి ఓటేశావని ఇద్దరూ నన్నే నిలదీస్తున్నారు.

జవాబు: అమ్మా, మీరు రాసిన ఉత్తరంలో పార్టీ గురించే ఎక్కువుంది. గంప గురించి ఒక్క వాక్యమే ఉంది. నా మనసు మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. మీవారు అకారణంగా బాధపడటం లేదు. 1986లో రిపబ్లికన్ అధ్యక్షుడు రేగన్ సంతకం చేసిన చట్టంతో, కాగితాల్లేకుండా ఉంటున్న దాదాపు 27 లక్షల మందికి అమెరికాలో చట్టబద్ధంగా నిలదొక్కుకునే వీలు దొరికింది. ఏటా 65,000 పరిమితితో హెచ్1బీని తెచ్చిన 1990 చట్టం మీద సంతకం అదే పార్టీ అధ్యక్షుడు పెద్ద బుష్‌ది. మీవారు వచ్చిన దారి అదే. స్వేచ్ఛా వాణిజ్యం ఆ పార్టీకి అప్పట్లో వేదవాక్కు. అలాంటి పార్టీ ఇప్పుడు సుంకాలకు జైకొడుతోంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టింది కూడా ఆ పార్టీ అధ్యక్షుడే. తాను నిలబడ్డచోటే నిలబడ్డాననీ, ఇల్లే పక్కకు జరిగిందనీ ఆయనకు అనిపిస్తే తప్పేముంది? రేగన్ కూడా 51 ఏళ్ల వయసు దాకా డెమోక్రాటే. 1962లో పార్టీ మారాడు. తాను పార్టీని వదల్లేదని, పార్టీయే తనను వదిలేసిందని చెప్పుకునేవాడు.

మీ తమ్ముడిదీ మొండితనమని కొట్టిపారేయలేం. కన్జర్వేటివులు దశాబ్దాలపాటు కోరుకున్న న్యాయమూర్తులు సుప్రీంకోర్టులోకి వచ్చారు. 2022లో గర్భస్రావాన్ని హక్కుగా చూసిన పాత తీర్పు రద్దయింది. ఇవన్నీ సాధించిపెట్టిన పార్టీని, ఒకటి రెండు విషయాలు నచ్చలేదని వదిలేస్తే లాభం అవతలి వాళ్లకేగా అని అతని లెక్క. ఒకరు సిద్ధాంతానికి కట్టుబడ్డారు, ఇంకొకరు తోడు నిలిచిన మంది మధ్యే ఉండిపోయారు. రెండూ విశ్వాసమే. అందుకే ఒకరికొకరు ద్రోహుల్లా కనబడుతున్నారు. వేరే పార్టీ మనిషి మీద ఎవరూ ఇంత కోపం తెచ్చుకోరు.

అయితే వాళ్లను నిజంగా కోసింది రాజకీయం కాదని నాకు అనిపిస్తోంది. రైనో అన్న మాట ఆ పార్టీలో వెలివేసే మాట. మాజీ ఉపాధ్యక్షుడి కూతురు లిజ్ చేనీ, 2021లో సొంత పార్టీ అధ్యక్షుడు ట్రంప్ అభిశంసనకు ఓటేసినందుకు ఆ ముద్ర వేయించుకుని, మరుసటి ఏడు వయోమింగ్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓడిపోయింది. ఆ మాట పిల్లలందరూ చూసే గ్రూపులో పడేసరికి, ‘నువ్వు మావాడివి కాదు’ అన్నట్టే వినిపించి ఉంటుంది మీవారికి. బావా బావమరుదుల మధ్య ఎగతాళికి చనువుంటుంది, నిజమే. వెలివేసేంత చనువు ఎవరికీ ఉండదు.

మీవారి మాట అంతకంటే లోతుగా దిగింది. పాతికేళ్ల కిందట పెట్టిన అన్నాన్ని ఎత్తిపొడిచారు. దేశంలోకి వచ్చే తలుపు గురించే అన్నానని ఆయన అనుకోవచ్చు. తమ్ముడికి మీ వంటిల్లు గుర్తొచ్చి ఉంటుంది.

ఇంగ్లండులో ఎడ్మండ్ బర్క్ అని ఒకాయన ఉండేవాడు. ఈనాటి కన్జర్వేటివ్ ఆలోచనకు మూలపురుషుడంటారు. అందరూ ఒప్పుకున్న ఒక సూత్రం మీద దేశహితం కోసం కలిసి పనిచేసేవాళ్లే పార్టీ అని 1770లోనే రాసినవాడు. అంత రాసినవాడికే ఫ్రెంచి విప్లవం వచ్చేసరికి, దాన్ని తప్పుపట్టినందుకు సొంత పార్టీ వాళ్లతో చెడింది. 1791 మే 6న, నిండు పార్లమెంటులో, పాతికేళ్ల స్నేహితుడు ఫాక్స్ ‘స్నేహం పోలేదు కదా’ అన్నట్టు అడిగితే, పోయిందనే చెప్పేశాడు. ఫాక్స్ అక్కడే కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆరేళ్ల తరవాత బర్క్ చావుబతుకుల్లో ఉంటే, ఫాక్స్ చూడటానికి వస్తానన్నాడు. బర్క్ వద్దని భార్యతో కబురంపాడు. విప్లవం గురించి బర్క్ చెప్పినవి చాలావరకు నిజమయ్యాయి. అయినా ఆ చివరి కబురు తలుచుకుంటే నాకు ఇప్పటికీ దిగులేస్తుంది. మీ ఇంట్లో అలా జరగకూడదు.

మీరు ఎవరి వైపూ నిలబడొద్దు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి. తమ్ముడికి మెసేజ్ పెట్టకండి. వాళ్లింటికి వెళ్లి, మరదలికి బొట్టు పెట్టి, పెళ్లికి పిలవండి. అభిప్రాయం మార్చుకోమని అడగొద్దు. ‘పిల్లల ముందు బావను ఆ మాట అనడం తప్పురా’ అని మాత్రం అక్కగా చెప్పండి. బావమరిది బతక కోరతాడంటారు మనవాళ్లు. ఆ సామెత అతనికీ తెలుసు.

మీవారితో పార్టీ ప్రస్తావనే తేకండి. ‘మీరు పెట్టిన అన్నాన్ని మీరే చిన్నబుచ్చారు’ అని నెమ్మదిగా చెప్పండి. మొదట కసురుకుంటారు. కసురుకోనివ్వండి, ఆ పూటకు అక్కడితో ఆపేయండి. ముందుగా ఎవరు ఫోన్ చేయాలని మీరు అడిగితే, వయసులో పెద్దవారు, పైగా కన్యాదాత, ఆయనే చేస్తే బాగుంటుందంటాను. చేయకపోతే దాని కోసం పెళ్లి పనులు ఆపొద్దు.

ఇంతకీ అమ్మాయిని ఎవరైనా అడిగారా? పెళ్లి తనది. గంపలో కూర్చునేది తను. తనను ఎవరు ఎత్తుకొస్తే మండపంలోకి రావాలనుందో నాన్నకు తననే చెప్పమనండి. మావయ్యకు ఫోన్ చేయాలని ఉంటే చేసుకోమనండి. మీరు నెలల తరబడి మోస్తున్న బరువులో సగం తనకు అప్పగించడం తప్పు కాదు. పాతికేళ్ల పిల్ల, మోయగలదు.

ఇక మీ ఓటు సంగతి. టెక్సాస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు మీది ఏ పార్టీ అని అడగనే అడగరు. ప్రైమరీకి వెళితే ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారన్నది రికార్డులో ఉంటుంది. ఎవరికి వేశారన్నది ఎక్కడా ఉండదు. సర్కారే అడగని సంగతి మీవారికీ తమ్ముడికీ ఎందుకు చెప్పాలి? మళ్లీ అడిగితే, పెళ్లయ్యాక మాట్లాడుకుందాం అనండి. పెళ్లయ్యాక కూడా చెప్పకండి.