థైరాయిడ్ మాత్రకు నెలన్నర, స్టెరాయిడ్‌కు ఒక్క రాత్రి: రెండూ జన్యువుల మీదే పనిచేస్తే ఈ తేడా ఎందుకు?

శ్రీకాకుళంలో బీఎస్సీ జువాలజీ చదువుతున్నానని రాశారు. అమ్మగారికి థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టి 12 రోజులైనా నీరసం అలాగే ఉంది, మామ్మగారికి ఆయాసానికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే మర్నాటికే తేలికపడింది. రెండు హార్మోన్ల రిసెప్టర్లూ (హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్లు) కణం లోపలే ఉండి జన్యువులను నడుపుతాయంటారు గదా, మరి ఈ తేడా ఏటని మీ ప్రశ్న.

స్టెరాయిడ్ రిసెప్టర్ సైటోప్లాజంలో ఉంటుంది, థైరాయిడ్ రిసెప్టర్ కేంద్రకంలో ఉంటుంది, అందుకే తేడా అని చాలా నోట్సుల్లో రాసేస్తారు. అది మీరడిగిన దానికి జవాబు కాదు. రిసెప్టర్ ఉండే చోటుకీ మందు వేగానికీ పెద్ద సంబంధం లేదు. అయితే ఆ చోటు వేరే పెద్ద సంగతి చెబుతుంది, ముందు అది చూద్దాం.

గొట్టా బ్యారేజీ కాలువ మీద షట్టర్లు చూసే లస్కర్లు ఇద్దరున్నారనుకోండి. ఒకాయన ఇంటి దగ్గరే ఉంటాడు. కబురొస్తే సైకిలెక్కి వెళ్లి షట్టరు ఎత్తుతాడు. ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్, దాని రిసెప్టర్ అలాంటిది. ప్రెడ్నిసొలోన్ పట్టేదీ దాన్నే. హార్మోన్ లేనప్పుడు సైటోప్లాజంలో హెచ్‌ఎస్‌పీ 90 అనే ప్రోటీన్, దాని జట్టు పట్టుకుని ఉంటాయి. హార్మోన్ వచ్చి గూట్లో కూర్చోగానే రిసెప్టర్ ఆకారం మారుతుంది, ఆ జట్టు సర్దుకుంటుంది, అరగంట లోపే రిసెప్టర్ కేంద్రకంలోకి చేరుతుంది. రెండో లస్కరు షట్టరు దగ్గరే కాపురం. ఊరికే కూర్చోడు, దాన్ని కిందికి నొక్కిపట్టి ఉంచుతాడు. చీటీ చేతికందితేనే పైకెత్తుతాడు. థైరాయిడ్ రిసెప్టర్ అదీ. హార్మోన్ ఉన్నా లేకపోయినా, ఎక్కువగా ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో రిసెప్టర్‌తో జతకట్టి డీఎన్‌ఏ మీదే ఉంటుంది.

ఆ నొక్కిపట్టడం ఎలాగంటే, టీ3 (థైరాయిడ్ హార్మోన్‌లో చురుకైన రూపం) లేనప్పుడు రిసెప్టర్ ఎన్‌కార్, ఎస్‌ఎమ్‌ఆర్‌టీ అనే కోరిప్రెసర్లను, అంటే జన్యువును మూయించే ప్రోటీన్లను, పట్టుకుంటుంది. అవి హిస్టోన్ డీఅసిటైలేజ్ అనే ఎంజైమ్‌ను రప్పిస్తాయి. అది హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లు) మీది అసిటైల్ గుంపులను తీసేస్తుంది, క్రొమాటిన్ అనే ఆ చుట్ట బిగుసుకుంటుంది, జన్యువు మూతబడుతుంది. టీ3 వచ్చి కూర్చుంటే రిసెప్టర్ చివర 12వ హెలిక్స్ (మెలి తిరిగిన ముక్క) డబ్బా మూతలా లోపలికి మడుచుకుంటుంది. కోరిప్రెసర్ పట్టు జారిపోతుంది, ఆ ముడతలోనే కోఆక్టివేటర్లకు, అంటే జన్యువును తెరిపించే ప్రోటీన్లకు, చోటు దొరుకుతుంది. అవి అసిటైల్ గుంపులు తగిలిస్తాయి, క్రొమాటిన్ వదులవుతుంది, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కు దారి దొరుకుతుంది. కార్టిసాల్ రిసెప్టర్ కూడా డీఎన్‌ఏ మీదికి చేరాక వాడేది ఇంచుమించు ఈ కోఆక్టివేటర్లనే.

కాబట్టి థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడమంటే పని ఆగిపోవడం ఒక్కటే కాదు, రిసెప్టర్ తానే జన్యువులను అణిచిపెట్టడం కూడా. దీనికి మంచి రుజువు ఎలుకల్లో ఉంది. పాక్స్8 అనే జన్యువు లేక థైరాయిడ్ గ్రంథి సరిగా ఏర్పడని ఎలుక పిల్లలు పాలు మానే వయసుకే చనిపోతాయి. థైరాయిడ్ రిసెప్టర్లే లేని ఎలుకలు మాత్రం లోపాలతోనైనా బతుకుతాయి. పాక్స్8తో పాటు థైరాయిడ్ రిసెప్టర్లలో ఆల్ఫా రకం జన్యువును కూడా పూర్తిగా తీసేస్తే ఆ పిల్లలు కూడా బతుకుతాయి. చీటీ రాని లస్కరు కంటే లస్కరే లేకపోవడం నయమన్నమాట! పరీక్షలో ఈ ఒక్క ముక్క రాస్తే దిద్దేవాళ్లు తల ఎత్తి చూస్తారు.

ఏ షట్టరు ఎవరిదో ఎలా తెలుస్తుందంటే, డీఎన్‌ఏ మీద అక్షరాలను బట్టి. కార్టిసాల్ రిసెప్టర్లు రెండు జంటగా ఏజీఏఏసీఏ, మధ్యలో ఏవైనా మూడు అక్షరాలు, తర్వాత టీజీటీటీసీటీ అనే ఎదురుబొదురు వరుస మీద వాలతాయి. థైరాయిడ్ రిసెప్టర్ వెతికేది ఏజీజీటీసీఏ. ఇది ఒకే దిక్కులో రెండుసార్లు, మధ్యలో నాలుగు అక్షరాల ఖాళీతో ఉంటే దానికి బాగా నచ్చుతుంది. ఖాళీ మూడైతే విటమిన్ డి రిసెప్టర్, ఐదైతే రెటినోయిక్ ఆమ్లం రిసెప్టర్. ఒక్క అక్షరం జరిగితే యజమాని మారిపోతాడు. చదివేది రిసెప్టర్‌లోని జింక్ వేళ్లు. ఒక్కో జింక్ పరమాణువును నాలుగు సిస్టీన్లు పట్టుకుంటాయి. మొదటి వేలి అడుగున మూడు అమైనో ఆమ్లాలు మారిస్తే కార్టిసాల్ రిసెప్టర్ వెళ్లి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ షట్టరు పట్టుకుంటుంది. అన్నట్టు, స్టెరాయిడ్ రిసెప్టర్లన్నీ సైటోప్లాజంలోనే అని రాయకండి. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ హార్మోన్ లేకపోయినా ఎక్కువగా కేంద్రకంలోనే ఉంటుంది.

ఇప్పుడు వేగం సంగతి. షట్టరు ఎత్తిన నిమిషంలో శివారు పొలాలకు నీరందదు గదా. జన్యువు తెరుచుకోవడం, ఎంఆర్‌ఎన్‌ఏ తయారవడం ఇద్దరికీ గంటల పనే. అసలు తేడా కాలువలోకి నీరు ఎంత త్వరగా నిండుతుందన్న దాంట్లో. థైరాక్సిన్ రక్తంలో సగమవడానికి వారం పడుతుంది, అందుకే రోజూ వేసే మాత్ర మెల్లగా పేరుకుంటుంది. లెక్క వేస్తే 12వ రోజుకి చేరాల్సిన మట్టంలో 70 శాతం, ఆరు వారాలకి 98 శాతం. హార్మోన్ తక్కువున్న ఒంట్లో ఆ వారం కాస్తా 9, 10 రోజులకు సాగుతుంది కాబట్టి మీ అమ్మగారు ఇంకా వెనకే ఉంటారు. పైగా థైరాక్సిన్ అంటే టీ4. రిసెప్టర్‌కు గట్టిగా పట్టేది టీ3. డీఅయొడినేజ్ ఎంజైమ్ ఒక అయోడిన్ తీస్తేనే అది తయారవుతుంది. ప్రెడ్నిసొలోన్‌కి ఈ బాధలేవీ లేవు, మొదటి మోతాదుకే కావలసిన మట్టం వచ్చేస్తుంది. అది ఆయాసాన్ని తగ్గించేది చాలావరకు మంటను రేపే జన్యువులను మూయించి. ఎన్‌ఎఫ్ కప్పా బీ లాంటి ప్రోటీన్లను అది అడ్డుకుంటుంది. దాంతోపాటు ఊపిరితిత్తుల్లో బీటా2 రిసెప్టర్లను పెంచుతుంది, పీల్చే మందుకు స్పందన మెరుగవుతుంది.

అమ్మగారి విషయంలో ఎక్కువగా చెడేది మాత్ర వేసుకునే తీరులో. పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి, కాఫీ టీలు అరగంట నుంచి గంట ఆగి. చోడంబలి కూడా తర్వాతే, చోళ్లలో కాల్షియం ఎక్కువ. కాల్షియం, ఐరన్ మాత్రలకు, గ్యాస్‌కి వాడే యాంటాసిడ్లకు నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు పేగులోనే పట్టుబడిపోతుంది, డాక్టరుగారు చూసి మోతాదు పెంచుతారు, తప్పు మోతాదుది కాకపోయినా. జుట్టుకోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందే ఆపమనండి. కొన్ని ల్యాబు పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. టీఎస్‌హెచ్ మీద టీ3 చేసే పని మాత్రం తలకిందులు. పిట్యూటరీలో ఆ జన్యువును తెరవదు, మూస్తుంది. అందుకే మందు సరిపోతే టీఎస్‌హెచ్ తగ్గుతుంది.

మామ్మగారికి రెండు జాగ్రత్తలు. బయట నుంచి వచ్చే స్టెరాయిడ్ మెదడులో సీఆర్‌హెచ్, పిట్యూటరీలో ఏసీటీహెచ్ (కార్టిసాల్ తయారీకి ఆజ్ఞలిచ్చే హార్మోన్లు) తయారయ్యే జన్యువులను మూస్తుంది, కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి చిక్కిపోతుంది. మూడు వారాలు దాటి వాడిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే వాంతులు, నిస్త్రాణ, బీపీ పడిపోవడం. డాక్టరు చెప్పినట్టు మెట్లు మెట్లుగానే దిగాలి. మోకాళ్ల నొప్పులకని సంతలో అమ్మే పేరులేని పొట్లాల్లో కూడా స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అవి తింటూ ముఖం గుండ్రంగా ఉబ్బుతోందంటే అనుమానించాలి, అయినా వాటినీ ఒక్కసారిగా మానేయకుండా ముందు డాక్టరుకు చూపించాలి. రెండోది, దగ్గుకని అతిమధురం రోజుల తరబడి నమలనివ్వకండి. మూత్రపిండంలో కార్టిసాల్‌ను చెరిపేసి ఆల్డోస్టెరోన్ (ఒంట్లో ఉప్పును నిలిపే హార్మోన్) రిసెప్టర్ జోలికి పోకుండా చూసే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది. బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది.

ఒకే మనిషిలో అడ్రినల్ లోపం, థైరాయిడ్ లోపం రెండూ ఉంటే ముందు స్టెరాయిడ్, తర్వాతే థైరాక్సిన్. క్రమం తప్పితే ప్రమాదం. థైరాక్సిన్ అందగానే ఒంట్లో మిగిలిన కొద్దిపాటి కార్టిసాల్ త్వరగా ఖర్చైపోతుంది. అమ్మగారికి మందు మొదలయ్యాక నీరసం తగ్గకపోగా కళ్లు తిరగడం, వాంతులు, బరువు తగ్గడం కనిపిస్తే ఆరు వారాలు ఆగకండి, ఆ రోజే చూపించండి. అవేవీ లేకపోతే ఆరు వారాలు నిండాక టీఎస్‌హెచ్ చేయించండి. ఆ పొద్దున మాత్ర మాత్రం రక్తం ఇచ్చాకే.