వాట్సాప్ గ్రూపులతో పీజీ చదువు బాగుపడుతుందా?

యూనివర్సిటీ పిల్లలకు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు చదువులో పనికొస్తాయా అని అడిగారు. తప్పకుండా పనికొస్తాయి. అయితే సార్లు ఉన్న గ్రూపు కాదు, సార్లు లేని గ్రూపు.

నేను నల్గొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతుండగా 2020 మార్చిలో హాస్టల్ ఖాళీ చేయించారు. దేవరకొండ దగ్గర మా ఊరికి వచ్చేశాను. సిగ్నల్ కావాలంటే చెరువు కట్ట ఎక్కాలి. డిపార్ట్‌మెంట్ గ్రూపులో పీడీఎఫ్ పడేది, దాని కింద వరుసగా "థాంక్యూ సార్", "థాంక్యూ సార్". డౌట్ ఎవ్వరూ అడగరు. ఇంగ్లీషులో తప్పు రాస్తే అందరూ చూస్తారని భయం. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు ఆ భయం బాగా తెలుసు.

అందుకే ఆరుగురం అమ్మాయిలం విడిగా గ్రూపు పెట్టుకున్నాం. ఎస్ఎన్1, ఎస్ఎన్2 అంటే కార్బన్ మీదున్న ఒక ముక్క పోయి దాని చోట ఇంకోటి చేరే రెండు రకాల రియాక్షన్లు. వాటిని డిగ్రీలో బట్టీ పట్టి పాసయ్యానే గాని అర్థం కాలేదు. ఆ మాట చెప్పగానే అచ్చంపేట నుంచి ఒక ఫ్రెండ్ నాలుగు నిమిషాల వాయిస్ పెట్టింది. వెనకాల బర్రెల అరుపులు.

"చూడవే, బస్సు కిక్కిరిసి ఉంటే ఒకరు దిగితేనే గదా నువ్వు ఎక్కేది? టెర్షియరీ కార్బన్ అంతే, చుట్టూ మూడు కార్బన్లతోని ఇరుకు. ముందు లీవింగ్ గ్రూప్, అంటే వదిలిపోయే ముక్క, దిగాలె. దిగినంక కార్బన్ బల్లపరుపుగా అయితది, కొత్తది ఏ పక్క నుంచైనా ఎక్కొచ్చు. అది ఎస్ఎన్1. ఇరుకు లేని బస్సుల నువ్వు వెనక నుంచి నెట్టుకుంట ఎక్కుతుంటే, అప్పుడే ముందు నుంచి ఒకరు దిగుతరు. అది ఎస్ఎన్2."

కట్ట మీద కూర్చుని మూడుసార్లు విన్నాను. క్లాసులో సార్‌ని మూడోసారి చెప్పమని అడగగలమా? పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో చూపే బాణాలు చకచకా వేసేశాను.

ఇంకో సంగతి. పెద్ద గ్రూపుల్లో అమ్మాయిలు మాట్లాడరని తప్పుపడతారు. వాట్సాప్ గ్రూపులో నంబరు అందరికీ కనబడుతుంది. ఒక డౌట్ అడిగిన పాపానికి రాత్రి పదకొండింటికి ఎవడో "హాయ్" పెడతాడు. ఇది నాకే జరిగింది, ఎవరికి చెప్పినా "బ్లాక్ చెయ్" అన్నారు, అంతే. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. ఆలస్యంగా చేరినవాళ్లకు పాత నోట్సు కూడా కనబడేలా పెట్టుకోవచ్చు. మరి ఇంత పెద్ద గ్రూపులను వాట్సాప్‌లోనే ఎందుకు పెడతారో!

ఇప్పుడు మిర్యాలగూడలో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆరుగురికో గ్రూపు పెట్టుకోమన్నాను, నన్ను మాత్రం చేర్చొద్దన్నాను.