పాటలో ఆ మాట వచ్చినప్పుడు

చిరంజీవి కార్తీక్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ విశ్వవిద్యాలయంలో మన విద్యార్థుల వేడుకకు ర్యాప్ పాటలు ఎంచుకున్నారనీ, వాటిలో నల్లజాతివారిని కించపరిచే 'ఎన్' పదం పలుచోట్ల వస్తుందనీ, రాసినవారే నల్లజాతివారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు పాడవచ్చునా అనీ అడిగావు. పాడవద్దు. బృందంలో మిగిలినవారు నిన్ను నిలదీస్తారు కాబట్టి కారణాలు కొంచెం వివరంగానే రాస్తున్నాను.

2018 మే నెలలో అలబామాలోని గల్ఫ్ షోర్స్ సంగీతోత్సవంలో నల్లజాతి ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ ఒక శ్వేతజాతి అభిమానిని వేదిక మీదికి పిలిచి తన పాట పాడమన్నాడు. ఆమె ఆ పదంతో సహా పాడేసరికి జనం గోల చేశారు. ఆయన పాట ఆపించి, ఆ ఒక్క మాట వదిలేయాలని చెప్పి, మరో అవకాశం ఇచ్చాడు. పాట కట్టినవాడే పిలిచి పాడించినా ఆ మాటకు మాత్రం అనుమతి లేదన్నమాట. "నా నల్లజాతి స్నేహితుడు పరవాలేదన్నాడు" అని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ స్నేహితుడు తన మటుకు తాను సరేననగలడే గాని, హాలులో వెనుక వరుసలో కూర్చున్న అపరిచితుల తరఫున ఒప్పుకోలేడు.

ఆ మాట విషయంలో నల్లజాతివారిలోనే ఏకాభిప్రాయం లేదు. తమను అణచిన మాటను తామే ఆప్యాయతగా మార్చుకున్నామని కొందరంటారు. మరోవైపు, 2007 జులైలో డెట్రాయిట్‌లో జరిగిన, నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. మహాసభల్లో ఆ పదానికి ఏకంగా అంత్యక్రియలే జరిపారు. నల్ల గులాబీలు పెట్టిన పైన్ చెక్క శవపేటికను రెండు గుర్రాలు లాగాయి. హాస్యంలో ఆ మాటను ధారాళంగా వాడిన నల్లజాతి హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ 1979లో కెన్యా వెళ్ళివచ్చాక దాన్ని విడిచిపెట్టాడు. 2013లో న్యూయార్క్‌లో ఒక నల్లజాతి ఉద్యోగినిని నల్లజాతి పై అధికారే ఆ మాటతో దూషించిన కేసులో, తమ మధ్య అది మామూలేనన్న వాదనను జ్యూరీ ఒప్పుకోక ఆమెకు 2,80,000 డాలర్లు ఇప్పించింది. ఈ తగవులో మనం తీర్పరులం కాము. ఆ మాటతో పాడే నల్లజాతి విద్యార్థిని నీవు మందలించనూ కూడదు, వద్దనే వారి పెద్దలది చాదస్తమని నవ్వనూ కూడదు.

"మనమూ తెల్లవాళ్ళం కాదు కదా" అనే వాదన కూడా రావచ్చు. మన ఊళ్ళలో తిట్టుగా వాడిన కులనామాన్ని, 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమంలో మంద కృష్ణ మాదిగ, ఆయన వెంట నడిచినవారు తమ పేర్ల చివర సగర్వంగా పెట్టుకున్నారు. వారు పెట్టుకున్నారు గదా అని ఎస్సీ, ఎస్టీలకు చెందనివాడు అదే మాటతో వారిని నలుగురిలో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమవుతుంది. ఇవన్నీ చూస్తూ పెరిగిన తెలుగు పిల్లలకు అమెరికా వచ్చాక "వాళ్ళు అనుకోవచ్చు, మేము అనకూడదా?" అన్న సందేహం రావడమే నాకు వింతగా ఉంది. అన్నట్టు, ఎదుటివారికి తెలుగు రాదన్న ధీమాతో మనవాళ్ళు బస్సులోనూ దుకాణంలోనూ "నల్లోడు" అంటూ మాట్లాడుకుంటారే, ముందు అది మానండి. ఆ చూపు, ఆ గొంతు అర్థం కావడానికి భాష రానక్కరలేదు.

ఇక చేయవలసినవి. వేదిక మీద మాత్రమే ఆ మాట మింగేద్దామనుకుంటే లయలో పడి అది నోటి నుంచి వచ్చేస్తుంది, కాబట్టి మొదటి రిహార్సల్ నుంచే ఆ చోట మౌనంగా ఉండటం అలవాటు చేసుకోండి. వెనుక వినిపించే ట్రాకు రేడియో కోసం అలాంటి మాటలు తీసేసినదే తీసుకోండి. అడుగడుగునా ఆ మాటే ఉన్న పాటైతే దాన్ని పూర్తిగా మార్చేయండి. అంత చేసినా ఎవరైనా నోరు జారితే, పాట కాగానే మైకులో ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పి తరువాతి అంశానికి వెళ్ళండి. ఉద్దేశాలు వివరించడం మొదలుపెట్టవద్దు.

పెద్దమ్మ