పురుటికి అమ్మ వచ్చినప్పుడు

అమెరికాలో ఉద్యోగం చేస్తూ తొలి కాన్పుకు సిద్ధమవుతున్న మన అమ్మాయిలు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటి ఉంది: అమ్మానాన్నలు, ఆ తర్వాత అత్తమామలు వంతులవారీగా వచ్చి బిడ్డను చూసుకుంటే మొదటి ఏడాది డేకేర్ లేకుండానే గడిచిపోతుంది కదా అని. అమ్మమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తే పెరిగే బిడ్డ అదృష్టవంతురాలని నేనూ నమ్ముతాను. అయినా ఏడాది మొత్తాన్నీ పెద్దల మీదే మోపవద్దని చెబుతాను.

సందర్శకుల వీసా అయిన బీ-2ను పదేళ్ళకు ఇచ్చినా, వచ్చిన ప్రతిసారీ సాధారణంగా 6 నెలలే ఉండనిస్తారు. ఆ గడువు ఏ రోజుతో తీరుతుందో చెప్పేది పాస్‌పోర్టులోని వీసా కాదు, దేశంలోకి వచ్చినప్పుడు నమోదయ్యే ఐ-94 అనే రికార్డులోని తేదీ. 1993 నాటి ఫెడరల్ సెలవు చట్టం కింద, అర్హత ఉన్నవారికి దొరికేది జీతం లేని 12 వారాలు. అమ్మను కాన్పుకు రెండు వారాల ముందు పిలిపించుకుంటే, మీరు మళ్ళీ ఉద్యోగంలో చేరేసరికి ఆవిడ గడువులో సగానికి పైగా అయిపోతుంది. అందుకే గర్భిణిగా ఉన్నప్పుడే డేకేర్‌లో పేరు రాయించండి.

పెద్దలకు కోరింత దగ్గు రాకుండా కాపాడే టీడ్యాప్ టీకాను, బిడ్డను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందే వేయించాలి. సందర్శకుల బీమా కొనేటప్పుడు, అప్పటికే ఉన్న బీపీ, షుగర్ వంటి జబ్బులకు అది ఎంతవరకు వర్తిస్తుందో షరతులన్నీ చదవండి. చాలా పాలసీలు వాటిని మినహాయిస్తాయి.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి తలుపు తీసేసరికి, మా అమ్మ పాపను ఒడిలో పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికి దిగుతోంది. మోకాళ్ళ నొప్పులని ఆవిడ ఒక్కనాడూ అనలేదు, నేనూ అడగలేదు. పైన ఉయ్యాల, కింద వంటిల్లు, రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగిందో. ఆ సాయంత్రమే ఉయ్యాలను కింది గదికి మార్చాము. వారానికి రెండు రోజులు పాపను డేకేర్‌కు పంపి, ఆ రోజుల్లో అమ్మను పడుకోనిచ్చాము. మీరు మాత్రం మీ అమ్మ విమానం దిగకముందే ఉయ్యాల కిందికి దించండి.