మేడ మీది గదికి ఫ్యాన్ కొంటున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు, మిర్యాలగూడ నుంచి పెద్దనాయన దీవించి రాసేది.

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. హాస్టల్ వదిలి నల్లగొండలో గది తీసుకున్నావట, డీఎస్సీకి చదువుకుంటావట, అడ్వాన్స్ కూడా ట్యూషన్ పైసల్లోంచే కట్టావట. మన ఇంట్లో ఆడపిల్ల సొంత సంపాదనతో గది తీసుకోవడం ఇదే మొదలు. మీ పెద్దమ్మ ఆ మాట పొద్దున్నే వాడకట్టంతా చెప్పి వచ్చింది.

కానీ గది మేడ మీద అని, నెత్తిన ఉత్త స్లాబే అని, అందుకని ఫోన్‌లో చూసి ఏడు వందల చార్జింగ్ ఫ్యాన్ ఒకటి ఆర్డర్ పెడుతున్నావని కూడా చెప్పాడు. అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. ఇన్నేళ్లుగా వైండింగ్ షాపులో ఊరి జనం ఫ్యాన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి, నా బిడ్డ ఏ ఫ్యాన్ పెట్టుకుని పడుకుంటుందో నేను చూసుకోవద్దా?

ఆ చార్జింగ్ ఫ్యాన్ డబ్బా మీద 4000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. నిజంగానే అంత ఉందనుకున్నా, లెక్క వేస్తే అది 15 వాట్ అవర్ల లోపే, అంటే 15 వాట్ల వస్తువును గంటసేపు కూడా నడపలేనంత. మామూలు టేబుల్ ఫ్యాన్ 50, 55 వాట్లు తీసుకుంటుంది. అంటే ఆ బ్యాటరీ మీద టేబుల్ ఫ్యాన్ పావుగంట తిరిగి ఆగిపోతుంది. అదే బ్యాటరీతో ఆ చిన్న ఫ్యాన్ మూడు గంటలు తిరుగుతోందంటే, అది విసిరే గాలి అంత తక్కువన్నమాట. కరెంటు పోయినప్పుడో బస్సులోనో పనికొస్తుంది, అందుకు కొనుక్కో, వద్దనను. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు అది ఆగదు. దిండు పక్కన చార్జింగ్ పెట్టి నిద్రపోయావని తెలిస్తే మాత్రం ఊరుకోను. బ్యాటరీ ఉబ్బినట్టు కనబడితే దాన్ని గదిలోనే ఉంచకు. స్పాంజిలో నీళ్లు పోసి మినీ ఏసీ అని అమ్మేవాటి జోలికి అసలే పోకు.

నీకు కావలసింది 16 ఇంచుల టేబుల్ ఫ్యాన్. రెండు వేల నుంచి మూడు వేల లోపు మంచిదే వస్తుంది. ఐఎస్ఐ గుర్తు చూడు. కాపర్ వైండింగ్ అని బిల్లు మీద రాయించుకో. అల్యూమినియం తీగ చుట్టినవి చవకే, కానీ తొందరగా వేడెక్కుతాయి, ఎండాకాలం నడిమధ్యలో నా షాపు ముందు వరుస కట్టేవి ఎక్కువగా అవే. ప్రకాశం బజారుకు వెళ్లి కొను. షాపులోనే ఒకటో నంబరులో తిప్పించి, చెవి దగ్గర పెట్టుకుని విను. మూడో నంబరులో గాలి చప్పుడుకు, లోపల ఇరుసు తిరిగే బుష్ గరగర వినపడదు. రాత్రి చదువుకునేటప్పుడు ఆ గరగర నీ ప్రాణం తీస్తుంది. మెడ తిరిగేటప్పుడు చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పకు, లోపల గేరు ప్లాస్టిక్‌ది, పళ్లు పోతాయి. కొన్నాళ్లకు స్పీడు తగ్గితే ఫ్యాన్ పాడైందని అనుకోకు, చాలాసార్లు కండెన్సర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. కరెంటు బిల్లుకు భయపడకు. రోజుకు పది గంటలు తిప్పినా నెలకు 17 యూనిట్లు దాటదు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటరు ఫ్యాన్ అయితే అందులో దాదాపు సగమే, కానీ ఖరీదు ఎక్కువ, లోపలి బోర్డు పోతే మామూలు షాపులో బాగుచేయలేం.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో ఆ సంగతి చెప్తా. మీ మేనత్త కుడి అరచేతిలో మచ్చ ఉంది కదా. చిన్నప్పుడు నువ్వు అడిగితే నూనె పడిందని చెప్పేది. నూనె కాదు బిడ్డా.

అప్పట్లో మీ మామ మూతబడ్డ హోటల్ నుంచి పాత టేబుల్ ఫ్యాన్ ఒకటి చవకగా తెచ్చాడు. ఒళ్లంతా ఇనుమే, గాలి మాత్రం బాగా కొట్టేది. దానికి మూడు పిన్నుల టాప్, అదే ప్లగ్, ఉంది, ఇంట్లో బోర్డుకేమో రెండే రంధ్రాలు. మామ ఆ టాప్ కోసేసి, పచ్చ వైరును వెనక్కి మడిచి టేప్ చుట్టి, రెండు పిన్నులది బిగించాడు. ఫ్యాన్ బ్రహ్మాండంగా తిరిగింది. కొన్నాళ్లకు అత్త, ముట్టుకుంటే జిల్లుమంటోందని చెప్పింది. చెప్పులేసుకుని ముట్టుకో, ఏం కాదు అన్నాడు. ఆమె అలాగే చేసింది. ఇంట్లో అందరూ ఆ జిల్లుకు అలవాటు పడ్డారు.

ఒక మధ్యాహ్నం అత్త బండలు కడుగుతోంది. కాళ్ల కింద నీళ్లు. ఫ్యాన్ పక్కకు జరుపుదామని మెడ పట్టుకుంది. కరెంటు చేతిని బిగిస్తుంది, వదుల్దామన్నా వదలదు. అరవడానికి గొంతు కూడా రాలేదట. వాకిట్లో ఉన్న మీ నాయనమ్మ చూసి, రోకలి తీసుకుని ఫ్యాన్‌ను ఒక్క దెబ్బ కొట్టింది. అది కింద పడి ప్లగ్ ఊడింది. ఆ రోజు నాయనమ్మ కంగారులో చేత్తో లాగి ఉంటే ఇద్దరూ పోయేవాళ్లు.

తర్వాత ఆ ఫ్యాన్ నేనే విప్పి చూశాను. వైరు లోపలికి పోయే చోట రబ్బరు ఊడిపోయి, మెడ తిరిగినప్పుడల్లా వైరు ఇనుప అంచుకు రాసుకుని, రాగి పోగు ఒక్కటి బయటికి తేలి బాడీకి తగులుతోంది. ఒక్క పోగు. మామ మడిచి టేప్ చుట్టేసిన ఆ పచ్చ వైరు సరిగ్గా ఎర్త్‌కు, అంటే కరెంటును భూమిలోకి పంపే తీగకు, కలిపి ఉంటే, తగిలిన క్షణమే ఫ్యూజు కొట్టేసేది. టాప్‌లో పైన ఉండే లావు పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా ఎందుకుంటుందో తెలుసా? ప్లగ్ పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు ఎర్త్ కలవాలని, తీసేటప్పుడు అన్నిటికంటే చివర విడిపోవాలని.

అందుకే చెప్తున్నా. ఇనుప జాలీ, ఇనుప రాడ్ ఉన్న ఫ్యాన్ అయితే మూడు పిన్నులున్నదే తీసుకో. పిన్ను కోయించకు, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో దూర్చకు. సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా వెనకాల ఎర్త్ వైరే లేని ఇళ్లు నేను బోలెడు చూశాను. ఎంసీబీ ఉంది కదా అని ఓనర్ అంటాడు. అది లోడు ఎక్కువైతే, షార్ట్ అయితే పడుతుంది కానీ, మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటుకు కదలదు. దానికి, అంత కొద్ది కరెంటు లీకైనా పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్ వేరే ఉంటుంది. నేను మాట్లాడతా ఓనర్‌తో.

ఇంకోటి. నల్లగొండలో మే నెలలో 45 దాటే రోజులుంటాయి. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వేడిగాలినే ఒంటికి కొడుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అప్పుడు ఫ్యాన్ వాడొద్దనే చెప్తుంది. అలాంటి మధ్యాహ్నాలు ఆ గదిలో కూర్చోకు, లైబ్రరీకి పో. పొద్దు గూకాక స్లాబ్ మీద నాలుగు బకెట్లు నీళ్లు చల్లు. బయట చల్లబడ్డాక ఫ్యాన్‌ను కిటికీ దగ్గర పెట్టి ఆ గాలిని లోపలికి తెచ్చుకో. తడి తువ్వాల మెడకు చుట్టుకో, మంచిదే. కానీ కొందరిలా ఆ తువ్వాలను ఫ్యాన్ జాలీకి ఆరేశావో, నేను అక్కడికొచ్చి కోప్పడతా. గాలీ ఆగుతుంది, నీళ్లూ మోటర్లోకి కారతాయి. చెయ్యి పొడిగా తుడుచుకోకుండా స్విచ్ ముట్టుకోకు. నీకేమన్నా అయితే మీ నాన్న ముందు నిలబడే ధైర్యం నాకు లేదు తల్లీ. పైలం.

ఆదివారం షాపు బందు. టెస్టర్, టెస్ట్ ల్యాంప్, కొంచెం పచ్చ వైరు తీసుకుని పొద్దున బస్సుకే వస్తా. ఫ్యాన్ ముందే కొన్నా సరే, నేను సాకెట్ చూసేదాకా ప్లగ్ పెట్టకు. పెద్దమ్మ కొత్త మామిడికాయ తొక్కు పంపుతానంటోంది, ఇంకేమన్నా కావాలంటే శనివారం రాత్రి లోపు ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాయన